అరిగిన దంతములు – పింగాణీ మరమ్మతు

పంటి మీద తెల్లగ నిగనిగలాడుచు కనిపించు పొరకు మన తెలుగు పాఠ్యపుస్తకములలో పింగాణీ పొర యని పేరు. ఆ పేరు పెట్టినవారు మంచి పోలికనే పట్టుకొన్నారు. ఊరగాయ జాడీ మీది మెరుపును పంటి మీది మెరుపును చూచుటకు ఒకే తీరుగ నుండును. రెండును గట్టివే, రెండును నున్ననివే. కాని ఒక్క విషయములో మాత్రము రెండింటికిని పొత్తు లేదు. జాడీలో ఆవకాయను ఏడాది పొడుగున నిలువ యుంచినను జాడీ చెక్కు చెదరదు. అదే పులుపు పంటి మీద నిత్యము నిలిచినచో పన్ను క్రమముగ కరగిపోవును. అగ్నిలో కాలి గట్టిపడిన పింగాణీకిని, చిగురులో ఎముకవలె రూపుదిద్దుకొన్న పింగాణీకిని గల భేదమిదియే. పంటి పింగాణీ చెడినచోట కుంపటిలో కాలిన పింగాణీని నిలుపుటయే నేటి దంతవైద్యములో ఒక ముఖ్యశాఖ. దానిని గురించి ఈ వ్యాసములో మేము వివరింప దలచితిమి.

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నాగపూరు బాట మీద మేడ్చల్, కరీంనగర్ బాట మీద శామీర్‌పేట కలవు. తాటిచెట్లు, జొన్నచేలు, రాతిగుట్టలు, పెద్ద చెరువు గల పల్లెపట్టులివి. 2016 అక్టోబరు 11వ తేదీన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది. ఇప్పుడీ ప్రాంతమున కర్మాగారములు, మందుల పరిశోధనాలయములు, విద్యాసంస్థలు, నగరమును చుట్టివచ్చు వలయ రహదారి వెలసినవి. పాతదియు క్రొత్తదియు ఒక్క కప్పు క్రిందనే కాపురముండు ఇండ్లు ఇచ్చట అనేకము. అట్టి యొక యింటిలో మూడు తరములవారి నోళ్లను పరిశీలించినచో దంతములు అరుగుటకు గల కారణములన్నియు ఒక్కచోటనే కనిపించును.

తాతగారు తిరుగలిలో విసరిన జొన్నపిండి రొట్టెలు తిని పెరిగినవారు. తిరుగలి రాయి అరుగునపుడు కంటికానని ఇసుక పిండిలో కలియును. ఆపైన వారు తెల్లవారుజామున బొగ్గుపొడితోనో, ఇటుకపొడితోనో, కచ్చికతోనో పండ్లు తోముకొన్నారు. తండ్రి కర్మాగారములో రాత్రి పాళీ చేయును. నిద్ర రాకుండుటకై వక్క, పొగాకు, సున్నము కలిపి దవడన పెట్టుకొనును. నిద్రపట్టినప్పుడు పండ్లు పటపట కొరకును. మనుమడు కళాశాల విద్యార్థి. అతడు సీసాలలో అమ్ము గ్యాసు పానీయములను పుస్తకము ముందుంచుకొని గంటలకొలది గుటకవేయుచుండును. మువ్వురి పండ్లును అరుగుచున్నవే. కాని మువ్వురి అరుగుదలయు ఒకటి కాదు.

పంటి నిర్మాణమును కొంచెము తెలిసికొన్నగాని ఈ భేదము బోధపడదు. పై పింగాణీ పొరలో బరువునుబట్టి నూటికి సుమారు 96 పాళ్లు ఖనిజమే. మన శరీరమున దీనికి మించిన కఠిన పదార్థము వేరొకటి లేదు. నమలు పండ్ల మొనల మీద ఇది రెండు మిల్లీమీటర్లకు మించిన మందము గలిగి, చిగురు దగ్గరకు వచ్చుసరికి మిక్కిలి పలుచనగును. దీని క్రింద పసుపుడాలు గల దంతధాతువు. దానిలో ఖనిజము నూటికి సుమారు 70 పాళ్లు. కావున అది మెత్తనిది. అందులో వేలకొలది సన్నని గొట్టములుండును. అవి పంటి నడిమి గుజ్జు వైపునకు దారితీయును. ఆ గుజ్జులో నరములు, రక్తనాళములు కలవు. పై పొర పోయినచోట చల్లని నీరు తగిలినంతనే పన్ను జివ్వుమనుటకు ఈ గొట్టములే కారణము.

ఎముక విరిగిన అతుకుకొనును. చర్మము తెగిన మానును. పింగాణీ పొర మాత్రము ఒకసారి పోయిన తిరిగి పెరుగదు. దానిని నిర్మించు కణములు పన్ను చిగురు చీల్చుకొని బయటికి వచ్చు నాటికే తమ పని ముగించుకొని నశించును. కావున ఆరేడేండ్ల ప్రాయమున మొలచిన దవడపంటికి ఆనాడు ఎంత పింగాణీ లభించినదో, ఎనుబదియేండ్ల వరకు అంతటితోనే కాపురము చేయవలెను. ఉమ్మిలోని ఖనిజములు పై పై మెత్తదనమును కొంతవరకు తిరిగి గట్టిపరచగలవు గాని, పోయిన మందమును తెచ్చి యీయలేవు.

ఈ మందము మూడు మార్గములలో తరుగును. పన్నును పన్ను రాచుకొనుట మొదటిది. దీనిని అరుగుట యందము. బయటి వస్తువు వచ్చి పంటిని రాచుట రెండవది, ఇది ఒరయుట. పులుపు తగిలి ఖనిజము విడిపోవుట మూడవది, ఇది కరగుట. తండ్రిది ముఖ్యముగ అరుగుట, తాతగారిది ఒరయుట, మనుమనిది కరగుట. లోకములో ఇవి విడివిడిగ కనిపించుట అరుదు. కరగి మెత్తబడిన పంటిని ఒరయుట సులభము; ఒరసి పలుచనైన పన్ను త్వరగ అరుగును. మూడును కలిసినచో నలుబది యేండ్లకే పండ్లు సగమునకు దిగిపోవుట కలదు.

చింతకాయ తిన్న పిమ్మట పండ్లు పులిసినవందుము. మన పెద్దలు ఆ మాటలో ఒక రసాయనిక సత్యమునే చెప్పినారు. నోటిలోని ద్రవము పి.హెచ్. కొలతలో సుమారు 5.5కు దిగినప్పుడు పింగాణీ పొరలోని ఖనిజము విడిపోవుట ఆరంభించును. నిమ్మరసము, చింతపండు రసము, గ్యాసు పానీయములు దాదాపు 2కును 4కును నడుమ నుండును. ఆ కొలతలో ఒక్క అంకె తగ్గుట యనగా పులుపు పదిరెట్లు పెరుగుట. చెట్టు నుండి దింపిన నీరా తీయనిది. కొన్ని గంటలలో పులిసి కల్లయి 4 దాపునకు దిగును. ఒక్కసారి త్రాగి నోరు పుక్కిలించినచో ప్రమాదము స్వల్పమే. ఉమ్మి ఆ పులుపును విరిచివేయును. సాయంకాలమంతయు గుటకగుటకగ త్రాగుచుండుటలోనే చేటున్నది. ఉమ్మికి తేరుకొను వ్యవధి దొరకదు. తినకున్నను పులుపు నోటికి వచ్చు మార్గము వేరొకటి యున్నది. తరచు పులిత్రేన్పులతో బాధపడువారికి జీర్ణాశయములోని తీక్ష్ణమైన ఆమ్లము పై పండ్ల లోపలి వైపును కరగించును. ఆ చోటు అద్దములో కనిపించదు గనుక రోగికి చాలకాలము తెలియదు. పండ్లను చూచి కడుపు వ్యాధిని కనిపెట్టిన వైద్యులు కలరు.

ఇచ్చట నీటి మాటను గూడ చెప్పవలెను. నీటిలో ఫ్లోరైడు అధికమైనచోట ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు పింగాణీ పొర ఏర్పడునపుడే లోపముతో ఏర్పడును. పండ్లు సున్నపు మచ్చలతో, గోధుమరంగు చారలతో మొలచును; వ్యాధి తీవ్రమైనచో పెచ్చులూడును. మన దేశమున ఈ వ్యాధిని శాస్త్రీయముగ వెల్లడించిన తొలి వ్యాసము 1937లో వెలువడినది. అది నాటి నెల్లూరు జిల్లా గ్రామములను గురించినది. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడినది. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే లోకమున పేరు వచ్చినది. అట్టి గ్రామములలో పెరిగి ఉపాధికై మేడ్చల్ వైపు వచ్చి స్థిరపడినవారి పండ్లలో సహజమైన అరుగుదల ఏది, ఫ్లోరైడు చేసిన చేటు ఏది యని వైద్యుడు ముందుగ తేల్చుకొనవలెను. ఏలనన, అట్టి పొర మీద అంటించిన పదార్థము మామూలు పంటి మీద వలె గట్టిగ పట్టుకొనదు.

అరుగుదల యెంత దూరము వచ్చినదో ఇంటిలోనే కొంత గ్రహింపవచ్చును. ముందు పండ్ల అంచులు పలుచనై వెలుతురుకు గాజువలె కనిపించుట, నమలు పండ్ల మొనలు సమసి నడుమ పసుపుపచ్చని పల్లములు పడుట, చిగురు దగ్గర గొడ్డలిగంటు వంటి నొక్కులు ఏర్పడుట, తీపికిని చల్లదనమునకును పన్ను జివ్వుమనుట, తెల్లవారి లేవగనే దవడలు పట్టివేసినట్లుండుట – ఇవి గుర్తులు. కక్కులు అరిగిన తిరుగలి గింజను విసరలేదు, నలుపును. మొనలు పోయిన దవడపండ్లును అంతే. అందుకే అట్టివారు జొన్నరొట్టెను పాలలోనో పులుసులోనో నానవేసికొని తినుటకు అలవాటు పడుదురు. వక్క మానుదురు, వేరుసెనగలు మానుదురు, పచ్చికూరలు మానుదురు. వయస్సు వచ్చినది గదా యని సరిపెట్టుకొందురు. నిజమునకు సన్నగిల్లినది వయస్సు కాదు, తిండి.

తిరుగలికి మరల కక్కులు కొట్టించినట్లు పండ్లకు వెంటనే తొడుగులు వేయించిన చాలదా యని అనిపించును. చిక్కంతయు అచ్చటనే యున్నది. పన్ను నెమ్మదిగ అరుగుచుండగ దాని ఎముకతో సహా అది ఎదురుపంటి వైపునకు కొంచెము కొంచెముగ జరుగుచుండును. అరిగిన మేరకు ప్రకృతి పంటిని ముందుకు నెట్టి, నమలుట ఆగకుండ చూచుకొనును. అందుచేత రెండు మిల్లీమీటర్లు అరిగిన పంటికిని దాని ఎదురుపంటికిని నడుమ రెండు మిల్లీమీటర్ల ఖాళీ మిగులదు, ఏమియు మిగులదు. తొడుగు పెట్టుటకు చోటెక్కడిది? అరిగి పొట్టిదైన పంటిని ఇంకను చెక్కినచో లోపలి గుజ్జు బయటపడును. ఈ ముడిని విప్పుటయే అరిగిన దంతముల చికిత్సలో ప్రధాన విషయము. ఒక పంటికి తొడుగు వేయుట చేతిపని. నోటినంతటిని తిరిగి నిలబెట్టుట ఇల్లు కట్టుట వంటిది. ముందు పటము గీయవలెను.

శామీర్‌పేట చెరువు దాపున కూరగాయలు పండించు యాబదియేండ్ల రైతు ఒకడు దంతవైద్యశాలకు వచ్చినాడనుకొందము. అతడు కూర్చుండగనే, "డాక్టరమ్మా, అన్నీ అరిగిపాయె. ఇవన్నీ పీకేసి కొత్తవి పెట్టరాదు?" అని అడుగును. "పీకుడు ఒక్క దినం పని, పెద్దయ్యా. పీకినంక మళ్ల మొలుస్తయా?" అని ఆమె బదులు చెప్పును. ఆ ఒక్క మాటలో ఈ చికిత్సకు మూలసూత్రమున్నది. సొంత వేరు మీద నిలిచిన అరిగిన పన్ను, వేరు లేని క్రొత్త పంటికంటె విలువైనది. మొత్తము పండ్లు పోయినవాడు పలుకట్టుతో నమలునపుడు ఆ బలము సహజదంతముల బలములో చిన్న పాలు మాత్రమే. పైగా పన్ను పోయినచోట దవడయెముక ఏటేట కరగుచుండును, కట్టుడుపండ్లు వదులగుచుండును.

మొదట ఆ వైద్యురాలు ప్రశ్నలు వేయును. దేనితో పండ్లు తోముదురు? కడుపులో మంట యున్నదా? రాత్రి పండ్లు కొరకుచున్నారని ఇంటివారు చెప్పిరా? కారణము తెలియక కట్టిన కట్టడము నిలువదు. కప్పు కారుచుండగ గోడకు సున్నము వేసినట్లగును. పొడులు మాన్పించి మెత్తని కుంచె పట్టించుట, పులిత్రేన్పులకు వైద్యము చేయించుట, రాత్రివేళ పెట్టుకొనుటకు పారదర్శకమైన కవచ మొకటి చేయించి యిచ్చుట తొలి మెట్టు. దీనికే కొన్ని వారములు పట్టవచ్చును.

తరువాత పై దవడకును క్రింది దవడకును అచ్చులు తీసి, గచ్చు నమూనాలు పోసి, దవడ కదలికను అనుకరించు చిన్న యంత్రమున బిగింతురు. కొన్నిచోట్ల అచ్చులకు బదులు నోటిలో చిన్న ఛాయాగ్రహణ యంత్రమును త్రిప్పి రూపమును గణనయంత్రమునకు ఎక్కింతురు. పండ్లు తొలుత ఎంత పొడవుండెనో ముఖము కొలతలను బట్టియు, మాటాడునపుడు పెదవుల నడుమ కనిపించు సందును బట్టియు అంచనా వేయుదురు. ఆ ఎత్తుకు మైనముతో నమూనా పండ్లను పెంచి చూతురు. పై దవడకును క్రింది దవడకును దూరమును ఈ విధముగ కొంచెము పెంచినచో తొడుగులకు కావలసిన చోటు, పండ్లను ఎక్కువ చెక్కకయే, దొరకును. చిగురుల నుండి పన్ను చాలినంత బయటికి లేనిచో చిన్న శస్త్రచికిత్సతో చిగురును కొంచెము వెనుకకు జరుపుదురు.

ఐతే పెంచిన ఎత్తును దవడకీళ్లు, కండరములు ఒప్పుకొనవలెను గదా! అందుకే చౌకపదార్థముతో తాత్కాలికపు తొడుగులు వేసి కొన్ని వారములు, అవసరమైనచో కొన్ని నెలలు, చూతురు. రైతు వానితోనే అన్నము తినును, మాటాడును, నిద్రించును. నొప్పి లేదు, మాట తొట్రుపడదు, తొడుగులు విరుగలేదు అని నమ్మకము కుదిరిన తరువాతనే అసలు పింగాణీకి చేయి వేయుదురు. ఈ పరీక్షాకాలమును విసుగుతో దాటవేయమని తొందరపెట్టు రోగులు, తొందరకు లొంగు వైద్యులు ఉభయులును తరువాత చింతింతురు. పింగాణీ మైనము కాదు; తప్పు కొలతతో కాల్చిన తరువాత దిద్దుబాటు కష్టము.

ఇక ఆ పింగాణీ సంగతి. ఫ్రాన్సు దేశమున 1774 ప్రాంతమున దుషాతో అను మందుల వర్తకుడు తన దంతపు కట్టుడుపండ్లకు పట్టిన దుర్వాసన భరింపలేక, తన దుకాణములోని పింగాణీ గిన్నెలకు మందుల వాసన పట్టకుండుట గమనించి, ఆ మన్నుతో పండ్లు చేయించుకొన్నాడు. కాల్చునపుడు మన్ను ముడుచుకొనుటచే అవి తొలుత సరిపడలేదు. దంతవైద్యుడు దుబ్వా ద షెమా ఆ పనిని ముందుకు నడిపించెను. 1808లో ఇటలీ దేశీయుడైన ఫోంజీ పండ్లను ఒక్కొక్కటిగ చేయు పద్ధతిని తెచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది తుదినాళ్లలో అమెరికాలో ఛార్లెస్ లాండ్ సొంత పంటిపై తొడుగు చొక్కావలె కూర్చుండు పింగాణీ తొడుగును చేసెను. అది అందమైనది, కాని పెళుసు. 1960ల దశకపు తొలినాళ్లలో లోహపు తొడుగు మీద పింగాణీని కాల్చి అతికించు విధానము కుదిరినది. 1965లో ఇంగ్లండులో మెక్లీన్, హ్యూస్ అనువారు అల్యూమినా కలిపి పింగాణీకి బలము చేకూర్చిరి. వీనికన్న ముందే, 1955లో, అమెరికాలో బ్యునోకోర్ అను దంతవైద్యుడు పంటి పైపొరను ఫాస్ఫారిక ఆమ్లముతో క్షణకాలము గరుకుచేసినచో జిగురుపదార్థము దానిని గట్టిగ పట్టుకొనునని చూపెను. పంటికి శత్రువైన పులుపే, తెలిసినవాని చేతిలో, మరమ్మతునకు పనిముట్టైనది. పలుచని పింగాణీ రేకును పంటికి అంటించు నేటి విధానమంతయు ఆ పునాది మీదనే లేచినది.

నేడు వాడుకలో నున్న రకములను మూడుగ చెప్పవచ్చును. మొదటిది పాత తరహా పింగాణీ. అందమున దీనికి సాటి లేదు, బలము తక్కువ. ముందు పండ్లకు పలుచని రేకులుగ వాడుదురు. రెండవది లిథియం డైసిలికేట్ అను గాజుపింగాణీ. కరగిన గాజులో సూదులవంటి స్ఫటికములను పెంచి చేయుదురు. వంపునకు తట్టుకొను శక్తిలో ఇది మొదటిదానికంటె మూడు నాలుగు రెట్లు మిన్న. పంటికి చక్కగ అంటుకొనును. చూచుటకును సహజముగ నుండును. మూడవది జిర్కోనియా. ఇది అన్నిటికంటె బలమైనది. గాజుపింగాణీకి రెండింతలకు మించిన గట్టిదనము గలది. పండ్లు కొరకు అలవాటు గలవారి దవడపండ్లకు వైద్యులు తరచు దీనినే ఎన్నుకొందురు.

జిర్కోనియాకు మన ప్రాంతముతో ఒక చుట్టరికము కలదు. కేరళ, తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా తీరములలోని ఇసుకలో జిర్కాన్ అను ఖనిజము దొరకును. మౌలాలి దాపున 1971లో స్థాపితమైన అణు ఇంధన సముదాయములో ఆ ఇసుక నుండి తొలుత జిర్కోనియం ఆక్సైడును, దాని నుండి లోహమును తీసి, అణువిద్యుత్ కేంద్రములలో ఇంధనమునకు తొడుగుగొట్టములు చేయుదురు. ఆ కర్మాగారము పండ్ల కొరకు ఏర్పడినది కాదు. కాని యురేనియమునకు తొడుగైన ఆ లోహపు ఆక్సైడే, కొద్దిపాటి యిట్రియా కలిపినపుడు, పంటికి తొడుగగుచున్నది. దీని బలములో ఒక విశేషమున్నది. పదార్థములో బీటవారుట ఆరంభమైనచో, ఆ బీట కొనయందలి స్ఫటికములు తమ రూపము మార్చుకొని కొంచెము ఉబ్బును. ఆ ఉబ్బు బీటను రెండు వైపుల నుండి నొక్కిపట్టి ముందుకు ప్రాకనీయదు. మట్టిపాత్రకు లేని ఈ గుణము చేతనే శాస్త్రజ్ఞులు దీనిని ఉక్కుతో పోల్చిరి.

దీనిని చేయు తీరు కుమ్మరి పనిని గుర్తుకు తెచ్చును. సుద్దవలె మెత్తగనున్న జిర్కోనియా బిళ్ల నుండి యంత్రము తొడుగును చెక్కును. కాల్చునపుడు అది నూటికి ఇరువది పాళ్లకు పైగ ముడుచుకొనును. ఆ సంగతి ముందే లెక్కించి తొడుగును ఆ మేరకు పెద్దదిగ చెక్కుదురు. సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని గంటలు కాలిన తరువాత అది రైతు పంటికి సరిపోవు కొలతకు దిగును. రెండువందల యేండ్లకు మించి క్రిందట ఫ్రాన్సు దేశపు వర్తకుని వేధించిన ముడుచుకొనుట యను సమస్యయే నేడు లెక్కకు లొంగి సహాయకారి యైనది.

ఇంత బలమైనది ఎదుటి పంటిని అరగదీయదా యను సందేహము కలుగును. ఇచ్చట ఎదుటి పంటికి చేటు చేయునది ముఖ్యముగ గరుకుదనము. అద్దమువలె మెరుగుపెట్టిన జిర్కోనియా ఎదుటి పంటిని, పాత తరహా పింగాణీకంటె, తక్కువగనే అరగదీయునని పరిశోధనలు తెల్పినవి. కాని నోటిలో ఎత్తు సరిచేయుటకై దానిని ఒరసి, తిరిగి మెరుగుపెట్టక విడిచినచో, అది ఆకురాయివలె పనిచేయును. కావున మెరుగుపెట్టుట సొగసు కొరకు కాదు, ఎదుటి పంటి రక్షణ కొరకు.

ఇప్పుడొక హెచ్చరిక. పింగాణీ అందుబాటులోనికి వచ్చినకొలది, అరుగని పండ్లను గూడ చెక్కించుకొని తెల్లని తొడుగులు వేయించుకొను కోరిక యువతలో పెరుగుచున్నది. పెండ్లిచూపులకో, ఛాయాచిత్రములకో ఆరోగ్యమైన పింగాణీ పొరను తీసివేయించుట ఇంటి ముందు రంగు కొరకు పునాదిరాళ్లు తీయుట వంటిది. పూర్తి తొడుగునకై పంటి చుట్టును మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర చెక్కవలసి యుండును. అట్లు చెక్కిన పండ్లలో కొన్నింటికి తరువాత లోపలి గుజ్జు చెడి, వేరు చికిత్స అవసరమగును. తొడుగులు శాశ్వతములు కావు. చక్కగ కాపాడుకొన్నవి పది పదునైదేండ్లు, అంతకు మించియు నిలుచును, పిదప మార్చవలసియుండును. ఇరువది రెండేండ్లకు చెక్కించుకొన్నవారు జీవితములో ఎన్నిసార్లు మార్చవలెనో లెక్కవేసికొనవలెను. అరిగిన పంటికి చేర్చుట చికిత్స. అరుగని పంటిని తీయుట నష్టము. ఈ రెండింటి నడుమ గీత సన్ననిదైనను, వైద్యుని కుర్చీలో కూర్చుండకముందే రోగి దానిని ఎరిగియుండుట మంచిది.

ఖర్చు మాట వచ్చినపుడు మధ్యతరగతి కుటుంబములు జంకుట సహజము. ఒక్క తొడుగు ధర భరింపగలిగినను, ఇరువదికి పైగా పండ్లకు లెక్కించినచో గుండె గుభిల్లుమనును. దీనికి కొన్ని మార్గములు కలవు. పని అంతయు ఒక్కసారి చేయించుకొననక్కరలేదు. ఎత్తు నిర్ణయమైన తరువాత పంటిరంగు మిశ్రమపదార్థముతో పండ్లను నిలబెట్టి, రెండు మూడేండ్లలో వంతులవారీగ పింగాణీకి మార్చుకొనవచ్చును. అన్ని పండ్లకును పూర్తి తొడుగు అవసరము గూడ కాదు. పై భాగము మాత్రము కప్పు పలుచని పలకలు చాలుచోట్లు కలవు. దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో ప్రైవేటు వైద్యశాలలకంటె ధర తక్కువ. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఇందుకు పేరొందినది. శామీర్‌పేట వైపు వారికి చెన్నాపూర్ దాపున సైనిక దంతవైద్య కళాశాల కలదు. కళాశాలలలో సమయము ఎక్కువ పట్టును. కాని పరీక్షాకాలము అవసరమైన ఈ చికిత్సకు ఓపిక యెటులును తప్పదు. బాటప్రక్కన కూర్చుండి ఒక్క పూటలో పండ్లు అతికించెదమను నమోదు కానివారి చేతికి మాత్రము నోటిని అప్పగింపరాదు. ప్రక్క పండ్లకు కరగించి పోసిన ఆ అతుకు క్రింద ఆహారము క్రుళ్లి, ఒక్కటి పోవుచోట నాలుగు పండ్లు పోవును.

వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. నా పండ్లు అరుగుటకు కారణమేమి? ఏ పంటిని ఎంత చెక్కుదురు? తాత్కాలికపు తొడుగులతో ఎంతకాలము పరీక్షింతురు? ఏ పంటికి ఏ పింగాణీ, అది ఏల? వీనికి ఓపికతో సమాధానము చెప్పువారి చేతిలో పని నిశ్చింతగ సాగును.

పని ముగిసిన తరువాత రైతునకు రెండు నియమములు మిగులును. మొదటిది, పింగాణీ అరుగకున్నను దాని అంచున నున్న సొంత పన్ను పుచ్చును. కావున దినమునకు రెండుమారులు ఫ్లోరైడు ముద్దతో తోముట, ఆరు నెలలకొకమారు చూపించుకొనుట తప్పదు. రెండవది, రాత్రి కవచమును విడువరాదు. వేల రూపాయల పింగాణీ నిద్రలో ఒక్క కొరుకుతో పెచ్చులూడవచ్చును.

చికిత్స అవసరము రాకుండ చూచుకొనుట అన్నిటికంటె సులభము. దానికి రూపాయి ఖర్చు లేదు. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు, కచ్చిక పండ్లకు తగులనీయవలదు. వేపపుల్ల వాడువారు కొనను మెత్తగ నమిలి కుంచెగ చేసికొని నెమ్మదిగ వాడవలెను. పులుపు తిన్న వెంటనే నీళ్లతో పుక్కిలింపవలెను. పండ్లు తోముటకు మాత్రము ఒక గంట ఆగవలెను, ఏలనన పులిసిన పన్ను అప్పుడు మెత్తగనుండి కుంచెకు ఒరసిపోవును. పానీయము త్రాగదలచినవారు భోజనముతో కలిపి ఒకేసారి త్రాగవలెను. పిల్లలు నిద్రలో పండ్లు కొరకుట తరచు వయస్సుతో పోవును. పెద్దలకది పోనిచో వైద్యునికి చెప్పవలెను. తాతగారి పండ్లను తిరిగి నిలబెట్టుటకు నేడు విద్య యున్నది. మనుమని పండ్లకు ఆ విద్యతో అవసరమే రాకుండ చేయుట ఇంటిలోని పెద్దల చేతిలో నున్నది.